ఈగ మెడ కింద ఎర్రదారం

నిన్న మధ్యాహ్నం బహ్రెయిన్‌లో, జిదాఫ్స్‌లోని మా కుట్టుషాపుకి ఒక పెళ్ళికూతురు వచ్చింది. మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పాటలు పాడే అమ్మాయే. సగం కుట్టిన తెల్లగౌనుకి ఆఖరి కొలతలిస్తూ, మధ్యలో ఆగలేక, సంచీలోంచి రంగులేని గోళ్ళ పాలిష్ సీసా తీసి బల్ల అంచున చెయ్యి ఆనించి పూసుకోవడం మొదలుపెట్టింది. మూత తియ్యగానే ఆ ఘాటు వాసన వచ్చి నా నెత్తికెక్కింది. టేపు చేతిలో అలాగే ఉండిపోయింది. "మీకు పడదా ఆంటీ?" అని అడిగింది ఆ పిల్ల. పడుతుందన్నాను. కానీ నాకు ఆ వాసన గోళ్ళది కాదు. చేపల గాలం మీద చుట్టిన దారం ఊడిపోకుండా చిట్టచివర పెట్టే చుక్కది. దాని వెనకే గలాలీలో ఒక గది, కిటికీ పక్కన బల్ల, ఆ బల్లకి ముక్కు తగిలేంతగా వంగి కూర్చున్న సుగుణమ్మ పిన్ని కళ్ళముందుకొచ్చారు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి కోపం, ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టు.

నన్నెరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు. నేను స్తోత్రాల మనిషిని. నీళ్ళు వస్తే స్తోత్రం, బస్సు దొరికితే స్తోత్రం. మాది పాలకొల్లు అవతల ఒక చిన్న ఊరు. బడి కాలవకి ఆవలిగట్టున ఉండేది. చిన్నప్పుడు నాకు మూర్ఛలు వచ్చేవని మావాళ్ళు పడవ ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని నా చదువంతా ఇంట్లోనే సాగింది. అమ్మమ్మ చేటలో నూకలు పరిచి నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. తర్వాత పాటల పుస్తకం, ఆ తర్వాత బైబిలు. అమ్మమ్మ నాకు అక్షరాలతో పాటు నేర్పింది ఒకటే, ఎవరు ఏది చేసినా ముందు చెయ్యెత్తి దణ్ణం పెట్టడం. ఆవిడ తప్పేమీ లేదు. ఆ దణ్ణం ఎవరికి పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో నేర్పింది మాత్రం సుగుణమ్మ పిన్నే. అందుకు నేను చాలా ఆలస్యమైన విద్యార్థిని.

నేను బహ్రెయిన్ దిగింది రెండువేల నాలుగు ప్రాంతంలో. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. విమానాలు బాగుచేసే చోట పనిచేసే ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో పని అని చెప్పి పంపారు. ఆయన భార్య వాళ్ళ దేశంలోనే ఉండేది. గలాలీలో పెద్ద ఇల్లు, ఒక్క మనిషి. తలుపు తీసింది ఆ ఇంటి వంటావిడ, తర్వాత నేను పిన్నీ అని పిలిచిన సుగుణమ్మ. నా మొహం చూడలేదు. "ముందు చేతులు చూపించు" అన్నారు. చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వేళ్ళు సన్నగా ఉన్నాయని, గోళ్ళు కొరికే అలవాటు మాత్రం ఈ గడప దగ్గరే వదిలెయ్యాలని చెప్పారు. నాకేమీ అర్థం కాలేదు. అంట్లు తోమడానికి గోళ్ళతో పనేమిటనుకున్నాను. లోపలికెళ్ళాక చూశాను, గోడంతా కోడిపుంజుల మెడ తోళ్ళు, ఈకలతో సహా, ప్లాస్టిక్ కవర్లలో వేలాడుతున్నాయి. భయపడి మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. పిన్ని నవ్వి, "చేతబడి కాదే. మన సారుకి చేపల పిచ్చి. ఎరవేసి పట్టడు, ఎరలాగుండే అబద్ధం వేసి పడతాడు. ఆ అబద్ధం మనం కడతాం" అన్నారు.

సంగతేమిటంటే, వాళ్ళ దేశంలో ఏటినీళ్ళ అడుగున పెరిగే పురుగులున్నాయి. ఒక్కో జాతికి ఒక్కో కాలం. వాటి వేళ రాగానే వేలకి వేలు ఒకేసారి పైకి లేస్తాయి, నీటిమీదే చర్మం విడిచి రెక్కలు విప్పుకుంటాయి. చేపలు మూతులు పైకెత్తుకుని వాటికోసమే కాచుకుంటాయి. ఏ రోజు ఏ పురుగు లేస్తే ఆ పురుగే కావాలి చేపకి, ఇంకోటి వేస్తే ముట్టదు. అందుకని వేటగాళ్ళు గాలపు ముల్లుమీద దారంతో, ఈకలతో, కుందేలు నూగుతో అచ్చం ఆ పురుగులాంటి బొమ్మని కట్టించుకుంటారు, దాన్నే ఈగ అంటారు. మా సారు మొదట తనకోసం కట్టుకునేవాడు, చేతకాక దారం తెంపుకునేవాడు. అప్పటికి ఆ ఇంట్లో వంటకి చేరిన పిన్ని ఒకరోజు టీ కప్పు పక్కన పెట్టి, రెండు వేళ్ళతో ఆ దారం ముడేసి చూపించారట. నరసాపురం లేసు అల్లిన చెయ్యి అది. ఆరో ఏట కొక్కెం సూది పట్టిన చెయ్యి. "అదే నేను చేసిన మొదటి పొరపాటు" అనేవారు. ఏడాది తిరిగేసరికి సారు స్నేహితులకీ, వాళ్ళ స్నేహితులకీ, ఆ తర్వాత వాళ్ళ దేశంలో దుకాణాలకీ ఈగలు వెళ్ళడం మొదలైంది. వంటపని వంటపనే, ఇంటిపని ఇంటిపనే, దాని పైన ఈ ఈగలు. ఒక్క మనిషికి సాగక నన్ను తెప్పించారు.

ఈకల రంగులు కనుక్కోవడంలో సారు పుస్తకాలు తిరగేసేవాడు. పిన్ని ఒక్క చూపు చూసి తీసేసేవారు. వాళ్ళ నాన్న పందెం కోళ్ళు మేపిన మనిషి. ఎర్రవి డేగ, బూడిదరంగు కలిసినవి మైల, మెడమీద నలుపూ తెలుపూ ఉన్నవి పర్ల అని మా వైపు పేర్లతోనే కవర్లు వేరుచేసి పెట్టేవారు. సారు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి ఈక కావాలంటే, "మైల అడుగుతున్నాడు, అందుకో" అనేవారు నాతో. పిన్ని ఆ ఇంట్లో చేరిన అయిదేళ్ళకి సారు కూడా "సుగునా, మైలా ప్లీజ్" అనడం నేర్చుకున్నాడు. అప్పట్లో అది విని మురిసిపోయాను. మన మాట దొరగారి నోట పలికిందని. ఇప్పుడు తలుచుకుంటే పళ్ళు బిగుసుకుంటాయి. ఈక పేరు నేర్చుకున్నాడు, ఆవిడ పేరు సరిగ్గా పలకడం నేర్చుకోలేదు.

నా మొదటి తప్పు చెప్పాలి. మే నెలలో లేచే పెద్ద ఈగని కట్టమని పిన్ని ముల్లు బిగించి ఇచ్చారు. చెరువుల దగ్గరా పొలాల దగ్గరా గుంపులు గుంపులుగా లేచి, ఒక్క పూట బతికి, రెక్కలు రాల్చి చచ్చిపోతుందని వివరించారు. నాకు వెంటనే తెలిసిపోయింది. మన ఈసుళ్ళే గదా. తొలకరికి పుట్టలోంచి లేస్తే పళ్ళెంలో నీళ్ళు పెట్టి పట్టేవాళ్ళం, వేయించుకుని తినేవాళ్ళం. ఎంతో శ్రద్ధగా రెక్కలు నాలుగూ వీపుమీద పరిచి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి కట్టాను. ఒకటి కాదు, మూడు డజన్లు. పిన్ని వచ్చి ఒకటి ఎత్తి వెలుగులో పెట్టి చూశారు. తర్వాత కుర్చీలో కూలబడి పమిట నోట్లో కుక్కుకుని నవ్వారు. "ఒసే, వేయించడమే తరవాయి. ఉప్పూ కారం పట్రానా?" అన్నారు. ఆ పురుగు రెక్కలు పడవ తెరచాపలా నిలువుగా నిలబడతాయట. నవ్వడం అయ్యాక మాత్రం మూడు డజన్లూ నాచేతే విప్పించారు. "చూడకుండా తెలుసనుకున్నావు. తెలుసనుకోవడం కన్నా తెలీదనడం నయం" అన్నారు. ఆవిడ కోపంలో అరుపు ఉండదు. దారం బిగించినట్టుంటుంది.

పేర్లు పెట్టడంలో ఆవిడ గడుసు. ఇంగ్లీషు పేర్లు నాలుగు మాటల పొడవుంటాయి, నాకు నోరు తిరిగేవి కావు. డబ్బాలమీద ఆ పేర్లు రాసే పని నాదే. ఒక్కో అక్షరం చూసి బొమ్మ గీసినట్టు గీసేదాన్ని. అడుగున పెన్సిలుతో పిన్ని పెట్టిన తెలుగు పేరు రాసుకునేదాన్ని. ఇసుకరేణువులూ పుల్లలూ జిగురుతో అతికించుకుని అందులోనే కాపురముండే పురుగు 'గూటిది'. చిన్న నల్లవి 'దోమచెల్లెళ్ళు'. మే నెల ఈగ విచిత్రమైంది. రెక్కలొచ్చి ఎగిరాక కూడా ఇంకోసారి చర్మం విడుస్తుంది. ముందు మసకరెక్కలు, తర్వాత అద్దంలాంటి రెక్కలు. మొదటిదానికి 'ముసుగుది' అనీ రెండోదానికి 'గాజురెక్కది' అనీ పేరు. రెక్కలొచ్చాక దానికి పనిచేసే నోరే ఉండదని సారు పుస్తకంలో బొమ్మ చూపిస్తే పిన్ని చాలాసేపు ఆ బొమ్మకేసి చూశారు. "తినడానికి లేకపోతే పోయిందిలే. ఒకటి అడగాలంటే ఎలాగ పాపం దానికి" అన్నారు.

చర్మం విడవలేక నీటిమీదే సగంలో చిక్కుకుపోయే ఈగలుంటాయి. చేపలకి అవంటే మరీ ఇష్టమట, పారిపోలేవు గనక. దాన్ని కట్టడం ఎవరికీ సరిగ్గా రావట్లేదని సారు వాపోతుంటే, పిన్ని సన్నటి పట్టుదారం తీసుకుని లేసులో గొలుసుకుట్టు ఉంటుందే, దానితో ఖాళీ చర్మం పొరని అల్లి ఈగ వెనక వేలాడదీశారు. అది నేను చూశాను. ఆ బల్ల దగ్గర, ఆ కిటికీ వెలుగులో, కొక్కెం సూదితో ఆవిడ చెయ్యడం నా కళ్ళతో చూశాను. ఆ వేసవిలో సారు ఆ ఈగతో పట్టిన చేపల ఫోటోలు తెచ్చి చూపించాడు. దానికి 'సుగుణ' అని పేరు పెడతానన్నాడు. ఆ రోజు పిన్ని చేపలపులుసులో ఉప్పు రెండుసార్లు వేశారు. అచ్చయిన జాబితా వచ్చాక చూస్తే ఆ ఈగకి సారు తన చచ్చిపోయిన కుక్క పేరు పెట్టాడు. డబ్బామీద ఆ పేరు రాయాల్సింది నేను. రాశాను. అడుగున ఏమని రాయమంటారని అడిగితే, పిన్ని తలెత్తకుండా, "ఏమీ రాయకు. లోపలుంది" అన్నారు.

లోపల ఏముందో అప్పుడు చూపించారు. నరసాపురం దగ్గర వాళ్ళ పేటలో ఒక దుప్పటికి పదిమంది పది ముక్కలు అల్లుతారు, ఇంకెవరో అతుకుతారు. ఎవరి ముక్క ఏదో తెలియదు. అందుకని వాళ్ళమ్మ తన ముక్క అంచులో, కనపడనిచోట, రంగుదారం ఒక్క చుట్టు చుట్టేదట. పిన్ని కట్టిన ప్రతి ఈగకీ మెడ కింద, ఈక మొదలుకి అడుగున, ఎర్రదారం ఒక్క చుట్టు ఉంటుంది. దానిమీద మైల ఈక తిరుగుతుంది, దానిమీద పాలిష్ చుక్క. విప్పితే తప్ప కనపడదు. ఎవరికి తెలుస్తుంది పిన్నీ అన్నాను. "నాకు తెలుస్తుంది. మంచిదైనా చెడ్డదైనా నాదని నాకు తెలియాలి గదా" అన్నారు.

ఇక అసలు సంగతి. నేను వెళ్ళిన రెండో చలికాలంలోనే పిన్ని కుడికన్ను చూపు అంచుల్లో నల్లబడడం మొదలైంది. పక్కనున్న టీ కప్పుకి చెయ్యి తగిలి ఒలికేది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయనేవారు. సారు కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఆ మాట దాచను. అక్కడి డాక్టరు చుక్కలమందు ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించాలని చెప్పి, ఉత్తరం రాసి కవరు అంటించి ఇచ్చాడు. ఇంటికెళ్ళి, మనూరి దగ్గర కంటాసుపత్రిలో చూపించుకుని వస్తానని పిన్ని అడిగారు. సారు చాలా మర్యాదగా అలాగేనన్నాడు. మే నెల ఈగల పని అయిపోగానే అన్నాడు. మే అయ్యాక, తనే చేపలవేటకి వెళ్ళాలి గనక ఇల్లు చూసుకునే మనిషి కావాలన్నాడు. తిరిగొచ్చాక, శీతాకాలంలోనే దుకాణాలవాళ్ళు వచ్చే ఏటికి సరుకు అడుగుతారన్నాడు. మళ్ళీ మే వచ్చింది. ఎక్కడో ఒక ఏటి అడుగున పురుగు కదిలితే ఇక్కడ మా పిన్నికి సెలవు లేదు. పాస్‌పోర్టూ, ఆ డాక్టరు ఉత్తరమూ రెండూ సారు డ్రాయరులో ఉండేవి. తాళం ఆయన జేబులో ఉండేది. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. పుట్టినరోజుకి కేకు తెచ్చేవాడు. శుక్రవారం శుక్రవారం, ఇక్కడ సెలవురోజు గనక, మమ్మల్ని ఆరాధనకి తనే దింపేవాడు. మంచివాడని అందరూ అనేవారు. నేనైతే అందరికన్నా ఎక్కువ అన్నాను.

ఎక్కడన్నానో కూడా చెప్తాను. ఒక శుక్రవారం మా సహవాసంలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ఇంత మంచి ఇంట్లో పెట్టినందుకు, ఇంత దయగల సారుని ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అని కళ్ళనీళ్ళతో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అది పిన్ని రెండోసారి సెలవు అడిగి కాదనిపించుకున్న వారమే. ఆవిడ నా పక్కనే కూర్చుని ఉన్నారు. చప్పట్లు కొట్టలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ మాత్రం, "దేవుడికి చెప్పాల్సింది దేవుడికి చెప్పు. మధ్యలో ఈయన్నెందుకే కూర్చోబెడతావు ఆ కుర్చీలో" అన్నారు. నాకు బాధేసింది. పెద్దావిడ మనసు చేదైపోయిందే అని ఆవిడ కోసం ప్రార్థన కూడా చేశాను. ఆ ప్రార్థన తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కంపరం.

ఇంకొకటి చేశాను. అది ఇంకా పెద్దది. ఒకనాటి పొద్దున్న పిన్ని మిద్దెమీద బట్టలారేస్తుంటే, సారు వంటింట్లోకి వచ్చి, సుగుణ కన్ను నిజంగా అంత ఇబ్బందిగా ఉందా అని నన్నడిగాడు. అడిగాడు, అవును. ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు. మనవైపు మనిషి ఎముక విరిగినా ఎలా ఉందంటే పర్వాలేదండీ అంటాడు. పెద్దవాళ్ళు అడిగితే కష్టం చెప్పుకోవడం అమర్యాద అనుకుంటాం. చేతులు తుడుచుకుంటూ, నవ్వుతూ, "పర్వాలేదు సార్, పని చేసుకుంటున్నారు" అన్నాను. ఆయనకి కావలసిన జవాబు అదే. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి ఏడు చలికాలంలో సీఫ్‌లో ఒక హోటలు హాలులో గాలం వేటగాళ్ళు కూడుకున్నారు. ఇక్కడి దొరలు కొందరు, వాళ్ళ దేశం నుంచి వచ్చినవాళ్ళు కొందరు. అందరిముందూ మా సారు తన పేరుమోసిన ఈగని కట్టి చూపించాలి. ఆయనకి చేతకాదు గనక ముందురోజే పిన్ని చేత, ముల్లు కదలకుండా పట్టే ఇనప బిగింపులు అయిదింట్లో అయిదు దశలు కట్టించుకున్నాడు, టీవీలో వంట చేసేవాళ్ళు ముందే వండిపెట్టుకున్నట్టు. చివరిది పూర్తయిన ఈగ. ఒంటికన్నుతో కట్టారు పిన్ని ఆ అయిదూ. నాకైతే ఏదో ఒకదాన్ని కావాలని చెడగొడతారేమోనని భయం. ఆ మాటే అడిగితే నాకేసి చిరాకుగా చూశారు. "ఆయన మీద కోపమైతే ఈగ చేసిన పాపమేంటి" అన్నారు.

మమ్మల్ని డబ్బాలు మొయ్యడానికీ టీలివ్వడానికీ తీసుకెళ్ళారు. సారు ఒక బిగింపు దగ్గర్నుంచి ఇంకో బిగింపు దగ్గరికి నడుస్తూ, నేనిలా చుడతాను, నేనిలా ముడేస్తాను అంటూ చక్కగా మాట్లాడాడు. ముందువరసలో తెల్లజుట్టు ముసలావిడ ఒకావిడ కూర్చుంది. ఆవిడ కూడా జీవితమంతా ఈగలు కట్టిన మనిషట. పూర్తయిన ఈగని అడిగి తీసుకుని, బ్లేడుతో మెల్లగా విప్పడం మొదలుపెట్టింది. మంచి ఈగ దొరికితే ఎలా కట్టారో విప్పి చూసుకోవడం ఆ పనివాళ్ళ అలవాటట. ఈక ఊడదీసింది. ఆగింది. కళ్ళద్దాలు సవరించుకుని, ఈ ఎర్రదారం దేనికని అడిగింది. సారు ఒక్క క్షణం తడబడి బరువు కోసమన్నాడు. ఒక్క చుట్టు దారానికి బరువేమిటని ఆవిడ నవ్వింది. హాలంతా నవ్వింది.

పిన్ని టీ పళ్ళెం బల్లమీద పెట్టారు. పదిహేనేళ్ళుగా గల్ఫు వంటిళ్ళలో నేర్చుకున్న తన ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా, "అది నాది మేడమ్. నేను కట్టినవాటికి ఉంటుంది. అన్నిటికీ ఉంది, విప్పి చూసుకోండి" అన్నారు. ఎవరో ఇద్దరు ఆగలేక తమ డబ్బాల్లోంచి సారు అమ్మిన ఈగలు తీసి బ్లేడు పెట్టారు. రెండింట్లోనూ ఎర్రదారం. నవ్వు ఆగిపోయింది. ముసలావిడ లేచి పిన్ని దగ్గరికొచ్చింది. చేతులు చూడబోయి మొహం చూసింది. ఈమె కంటికేమైందని సారుని అడిగింది. సారు చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు మర్యాదగానే ఉంది. కొంచెం ఇబ్బందేగానీ బాగానే ఉందన్నాడు. నాకేసి చెయ్యి చూపించి, కావాలంటే కరుణని అడగండి, పర్వాలేదని తనే చెప్పింది అన్నాడు.

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. ముసలావిడ నన్ను చూసింది. పిన్ని నన్ను చూశారు. ఆ కంట్లో తిట్టు లేదు, ఆశ ఉంది. అదే నేను మర్చిపోలేనిది. ఒక్క మాట. లేదండీ, బాగాలేదండీ. అంతే చెప్పాలి. తల దించుకుని టీకప్పులు సర్దాను. పిన్ని ఇంకొంచెంసేపు చూసి, తల తిప్పుకుని తనే చెప్పారు. "ఈ కన్ను ఖలాస్ మేడమ్. రెండేళ్ళుగా ఇంటికి పంపమంటున్నాను. మీ పురుగులు లేచే నెలలు అయిపోవట్లేదు."

మూడోరోజు పొద్దున్నే పిన్ని పాస్‌పోర్టు వంటింటి బల్లమీద ఉంది, టిక్కెట్టుతో సహా. రెండేళ్ళు దొరకనిది మూడురోజుల్లో దొరికింది. పాస్‌పోర్టు మధ్యలో డాక్టరు ఇచ్చిన ఉత్తరం ఉంది. కవరు అంటించింది అంటించినట్టే ఉంది. చింపి చూడనైనా చూడలేదు ఆ మనిషి. దాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు పుట్టింది నా కోపం. అదివరకు నాలో అలాంటిదొకటి ఉందని నాకు తెలియదు.

గలాలీ నుంచి ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు. సారే కారు నడిపాడు, సారే పెట్టె మోశాడు, చాక్లెట్ల డబ్బా చేతిలో పెట్టి కృతజ్ఞతలు చెప్పాడు. పిన్ని ఆ డబ్బాని పెట్టెలు తోసే కుర్రాడికి ఇచ్చేశారు. నేను కాళ్ళమీద పడబోతే పట్టుకుని ఆపారు. క్షమించానని అనలేదు. "స్తోత్రం చెప్పడానికి అంత తేలిగ్గా లేస్తుందే నీ నోరు. నిజం చెప్పడానికి ఎందుకు లేవదే?" అన్నారు. సమాధానం కోసం ఆగలేదు కూడా. జాకెట్టులోంచి ఎర్రదారం రీలు తీసి నా గుప్పిట్లో కుక్కారు. "ఆ పని చేస్తే చెయ్యి, మానితే మాను. చేస్తే మాత్రం గుర్తు లేకుండా చెయ్యకు" అని లోపలికెళ్ళిపోయారు. తలుపు అంచు కనపడక భుజం తగిలింది. వెనక్కి తిరగలేదు.

నెల తర్వాత ఫోను కార్డు కొనుక్కుని మాట్లాడాను. నీటికాసులట. కంటి నరం ఎండిపోయిందట. కుడికన్ను ఇక రాదు, ఎడమది నిలబెట్టడానికి చూస్తామన్నారట. రెండేళ్ళ ముందు వచ్చుంటే రెండూ నిలిచేవని అక్కడి డాక్టరమ్మ కోప్పడిందని చెప్పి నవ్వారు. నాకు అలవాటైన మాటే వచ్చింది నోట్లోంచి, దేవుడి చిత్తం పిన్నీ అని. "దేవుడి మీదకి నెట్టకు కరుణా. డ్రాయరు తాళం దేవుడి జేబులో లేదు" అన్నారు.

ఆ శుక్రవారం సాక్ష్యాల వేళ మళ్ళీ లేచాను. ఇదివరకు ఇదే చోట నిలబడి మా సారు కోసం స్తోత్రం చెప్పానని, అది తప్పని, ఆ స్తోత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. కన్ను సంగతి, ఉత్తరం సంగతి, నేనన్న పర్వాలేదు సంగతి, అన్నీ. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్న మనిషిని వాళ్ళెవరూ అదివరకు చూడలేదు. ఆరాధన జరిపించే పెద్దాయన ఇబ్బందిగా కదిలి, "చెల్లెమ్మా, కోపాన్ని హృదయంలో పెట్టుకోకూడదు" అన్నారు. "హృదయంలో లేదండి అన్నగారూ, నోట్లో ఉంది. అందుకే చెప్తున్నాను" అన్నాను. వెనకవరసలో, ఎవరో నాకు తెలియని పనిమనిషి, మెల్లగా ఆమెన్ అంది.

ఆ రోజు నుంచి ఈగలు కట్టలేదు. ఒప్పందం ముగిసేదాకా సారు ఇంట్లో వంటచేశాను, బల్ల దగ్గరికి వెళ్ళనని ఆయన మొహంమీదే చెప్పాను. ఆ ఇంట్లో నేను కాదనడం అదే మొదటిసారి. ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత ఈ కుట్టుషాపులో కుదిరాను. పిన్ని మిగిలిన చూపుతో పదిహేనేళ్ళు బతికారు. పేట పిల్లలకి వేళ్ళతో తడిమి లేసు నేర్పేవారట. ఆవిడ కోసం నేను చెప్పే స్తోత్రం వేరు, అది ఎవరికీ పంచను. ఈ కోపాన్ని తీసెయ్యమని దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు. సగం ఆ మనిషి మీద, సగం నా మీద, రెండు సగాలూ నాకు కావాలి. కృతజ్ఞత పొరపాటున తప్పు గుమ్మంలోకి వెళ్ళబోతే ఆ కోపమే అడ్డం నిలబడుతుంది.

పెళ్ళికూతురు గోళ్ళు ఆరబెట్టుకుంటూ అడిగింది. "రేపటికి అయిపోతుంది కదా ఆంటీ? మీకేం ఇబ్బంది లేదు కదా?"

"ఇబ్బందేనమ్మా. రేపటికి అవదు, ఎల్లుండి సాయంత్రం రా" అన్నాను.

కాస్త మొహం ముడుచుకుని వెళ్ళింది. గౌను కింది అంచు మడతపెట్టి, లోపలివైపు, ఎవరూ చూడనిచోట, ఎర్రదారం ఒక్క చుట్టు వేశాను. తర్వాత దానిమీద తెల్లదారం నడిపాను.